కూసునే జాగ

మా వాడకట్టులో తివాచీ అనే మాట లేకుండె. అది సినిమాల్లో రాజులు నడిచేది. మాకు తెలిసిన మాట జంపఖానా. అది కూడా మా ఇండ్లల్ల ఉండే వస్తువు కాదు. పటేల్ల ఇండ్లల్ల చుట్టి అటక మీద పెట్టి, పెండ్లికో పంచాయితీకో దించే వస్తువు. మా ఇంట్ల కింద పరిచేటివి మూడే. ఒకటి గోనెపట్ట. రెండోది ఈతాకు చాప. మూడోది అవ్వ కుట్టిన బొంత. పాత చీరలు నాలుగు పొరలు వేసి, దబ్బనంతో పొడుగు కుట్లు వేసి, చుట్టూ నాయిన పాత ధోతి అంచు పెట్టింది. ఇవిగాక ఒక గొంగడి ఉండె, కురుమోళ్ళ దగ్గర కొన్నది. అది నాయినది. చలికి కప్పుకునేది అదే, వానకు నెత్తి మీద వేసుకునేది అదే, మంచం మీద పరుచుకునేది అదే. మేం ముట్టేది లేకుండె.

ఊళ్ళో ఎవరు దేని మీద కూసుంటరో చూస్తే కులం అడగనక్కర లేదు. పటేలు కుర్చీల. ఆయన ముందటికి వచ్చిన కాపోళ్ళు మంచం మీద. మిగతా కులాలోళ్ళు అరుగు మీదనో మెట్ల మీదనో. మాలోళ్ళు, మాదిగోళ్ళు నేల మీద, అదీ గొంతుకూసొని. బాసింపట్టు వేసుకొని కూసుంటే పొగరు పెరిగిందని లెక్క. మా నాయినకు డెబ్బై ఏండ్లు, మోకాళ్ళు సహకరిస్తలేవు. అయినా బ్యాంకులో, దవాఖానల, ఖాళీ కుర్చీ పక్కన గొంతుకూసుంటడు. 'కుర్చీల కూసో నాయినా' అంటే 'ఇట్లనే పానం సుకంగున్నది బిడ్డా' అంటడు. ఆ కూసునుడు ఆయనకు ఊరు నేర్పింది.

1998లో నేను అయిదో తరగతి. జనవరి 26కు మా ఊరి బడికి మండలం నుంచి పెద్దసారు వస్తున్నడని, పటేలు ఇంటి నుంచి జంపఖానా తెప్పియ్యాలన్నరు. పటేలు కొలువులు ఎన్టీ రామారావు కాలంలోనే రద్దయినయి గాని మా ఊళ్ళో ఆ పిలుపూ పోలేదు, ఆ ఇంటి పెద్దరికమూ పోలేదు. సారు తరగతిలోకి చూసి నలుగురిని లేపిండు. ఇద్దరు పోరగాండ్లు, ఇద్దరు పోరగత్తెలం. నలుగురమూ మాదిగోళ్ళ పిల్లలమే. బరువు మోసేటోళ్ళను ఏరడానికి సారుకు హాజరు పట్టిక అక్కర లేదు.

జంపఖానా దూలం లెక్క చుట్టి ఉంది. ముందట ఇద్దరం, వెనక ఇద్దరం భుజాన పెట్టుకున్నం. దారిపొడుగునా కలరా ఉండల వాసన. బడి ముందు వేపచెట్టు కింద దాన్ని దులిపినం, పరిచినం, ముడతలు పోయేటట్టు మోకాళ్ళ మీద పాకుకుంట సాపు చేసినం. మోకాళ్ళ కింద మెత్తగా ఉండె. పిల్లలంతా వచ్చి కూసుంటుంటే నేనూ కూసోబోయిన. పటేలు మనిషి ఒకడు అక్కడే నిలబడి ఉన్నడు. 'ఓ పోరీ, అంచు అవతల' అన్నడు. సారు విన్నడు. విని జెండా తాడు సరిచేసుకున్నడు.

మోసేటప్పుడు లేని మైల కూసునేటప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఆనాడు తెల్వలేదు. ఇవ్వాళ తెలుసు. ఆ అంచు మాత్రం ఇప్పటికీ కండ్లల్ల ఉన్నది. నల్ల పట్టీ, దాని పక్కన రెండు వేళ్ళ వెడల్పు తెల్ల పట్టీ, తర్వాత కుచ్చులు. ఆ కుచ్చులు కాలివేళ్ళకు తగిలేంత దగ్గర్ల మట్టిలో కూసున్నం. రాజ్యాంగం గురించి పెద్దసారు చానాసేపు మాట్లాడిండు. నేను ఒకటి నుంచి కుచ్చులు లెక్కపెట్టుకుంట కూసున్న.

డిగ్రీలో ఉండగా బాబాసాహెబ్ తన బతుకు గురించి రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివిన. బడిలో ఆయన కూసునేది ఒక మూల, విడిగా, ఒక గోనెపట్ట మీద. బడి ఊడ్చే మనిషి ఆ గోనెను ముట్టడు. సాయంత్రం ఇంటికి తీసుకపోవాలె, తెల్లారి మళ్ళ తెచ్చుకోవాలె. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి, కాసేపు హాస్టల్ వరండాల తిరిగిన. తర్వాత ధనంజయ్ కీర్ రాసిన ఆయన జీవితచరిత్ర చదివితే ఇంకొకటి తెలిసింది. అమెరికాలో, లండన్‌లో చదివి 1917లో బరోడాకు కొలువుకు పోతే, ఆఫీసు బంట్రోతులు ఫైళ్ళు దూరం నుంచి బల్ల మీదికి విసిరేసేటోళ్ళు. ఆయన పోవడానికి లేస్తే కింద పరిచిన చాపలు చుట్టేసేటోళ్ళు. ఇంత చదువు చదివిన మనిషి కాళ్ళ కింది నుంచి చాప గుంజేసిన దేశం ఇది. పరుపు, చాప, జంపఖానా అంటే ఇంటి అలంకారం ముచ్చట అనుకునేటోళ్ళు అనుకోవచ్చు. మాకట్ల కాదు.

నాకు ప్రభుత్వం ఇచ్చిన జంపఖానా గురించి కూడా చెప్పాలె. ఆరో తరగతికి సాంఘిక సంక్షేమ హాస్టల్‌లో చేరిన. పళ్ళెం, గ్లాసు, దుప్పటి, వాటితో పాటు ఒక జంపఖానా. మనిషి పండుకునేంత వెడల్పు. రెండు రంగుల పట్టీలు. పలచటిది, నేల చల్లదనం వీపుకు తెలిసేది, నల్లులు దాని అతుకుల్ల కాపురం చేసేటివి. అయినా నా పేరు రిజిస్టర్ల రాసి ఇచ్చిన జాగ అది. దాని మీద బాసింపట్టు వేసుకొని కూసుంటే అవతలికి జరుగు అనేటోడు లేడు. మూడో ఏడుకు నడుం తగిలేకాడ పొక్క పడితే అవ్వ తన చీరముక్క పెట్టి కుట్టిచ్చింది.

2012 డీఎస్సీల ఉద్యోగం వచ్చింది. తొమ్మిదేండ్లు అద్దె ఇండ్లల్ల ఉన్నం. 2021లో అప్పు చేసి హన్మకొండ అవతల ఒక కాలనీల రెండు గదులు, ఒక హాలు ఉన్న ఇల్లు కొన్నం. నేలకు తెల్ల టైల్స్. చూడను బాగుంటయి గాని డిసెంబరు నెలల పాదం పెట్టలేం. మా ఆయన సోఫా అన్నడు. నేను జంపఖానా అన్న. సోఫాల ముగ్గురు కూసుంటరు, జంపఖానా మీద ఇరవై మంది కూసుంటరు. ఆ ఇరవై మంది ఎవరంటే, కాలనీ వెనక గుడిసెల్ల ఉండే కూలోళ్ళ పిల్లలు. 2020ల కరోనాతో బడులు బందయి పాఠాలు టీవీలకు ఎక్కినప్పుడు, టీవీ లేని పిల్లలు అద్దె ఇంట్ల మా దగ్గరికి వచ్చేటోళ్ళు. ఇల్లు మారినా ఆ అలవాటు పోలేదు. పాత పిల్లలు పోయిండ్రు, కొత్త పిల్లలు వచ్చిండ్రు. రోజూ సాయంత్రం గంటన్నర. అందుకే నాకు కావాల్సింది అందమైంది కాదు. ఇరవై మంది పిల్లల మోకాళ్ళు, మోచేతులు, సిరా, చాయ్, మూతపెట్టని నీళ్ళ సీసాలు, వీటన్నిటినీ తట్టుకొని పదేండ్లు నిలబడేది.

మొదట చౌరస్తాకాడి పెద్ద దుకాణాలు తిరిగినం. బొచ్చు తివాచీలు రంగురంగులవి చుట్టి నిలబెట్టిండ్రు. చెయ్యి పెడితే వేళ్ళు మునుగుతయి. అమ్మే పిల్లగాడు 'లైఫ్ టైం మేడం' అన్నడు. ఎవరి లైఫో చెప్పలేదు. నేను సైన్సు టీచర్ని. ఊరికే కొనను. ముందుగాల తివాచీని వీపు బయటికి వచ్చేటట్టు వంచి చూసిన. బొచ్చు నడుమ అడుగు బట్ట తెల్లగ పండ్లికిలించింది. అంటే బొచ్చు ఒత్తుగ లేదు. ఒత్తుగ లేని బొచ్చు అడుగుల కింద పండుకుంటది, మళ్ళ లేవది. మిషను మీద చేసేటివాటిల చానామట్టుకు బొచ్చును అడుగుబట్టలోంచి సూదితో పొడిచి, వెనక రబ్బరు జిగురు పూస్తరు. ముడి ఉండదు. మన ఎండలకు, తడిగుడ్డ తుడుపుకు ఆ జిగురు ఎండి పొడిపొడి రాలుతది. జిగురు పోయిననాడు బొచ్చు పోతది.

ఒక పోగు అడిగి తీసుకొని దుకాణం బయట అగ్గిపుల్లతో ముట్టించిన. పత్తి అయితే కాయితం కాలిన వాసన వచ్చి బూడిద అయితది. ఊలు అయితే వెంట్రుక కాలిన వాసన. ఆ వాసన నాకు ఎవరూ నేర్పియ్యాల్సిన పని లేదు, తలకాయ కాళ్ళు కాల్చే ఇంట్ల పుట్టిన. ఈ పోగు రెండూ కాలేదు. కరిగి నల్ల పూసయ్యి వేలికి అంటుకున్నది. ప్లాస్టిక్. ప్లాస్టిక్ నూలు చెడ్డదని అనను. అందుల నైలాన్ అయితే అడుగులకు తట్టుకుంటది, తొక్కినా మళ్ళ లేస్తది. చవకగ దొరికే పాలీప్రొపిలీన్ మరక పట్టదు, నీళ్ళు తాగదు గాని తొక్కినకొద్దీ అణిగిపోతది, బల్ల జరిపితే ఆ రాపిడి వేడికే గీత పడుతది. అసలు ఊలు అయితే చానా ఏండ్లు మన్నుతది, ఆ ధర మా జీతానికి అందేది కాదు. పైగా బొచ్చు తివాచీల పోయిన దుమ్ము బయటికి రావాలంటే మిషను కావాలె. కట్టెతో కొట్టి ఎండల వేస్తే బాగుపడే వస్తువు నాకు కావాలె.

ఆదివారం ఊరికి పోయి నాయినకు చెప్పిన. మా నాయిన చెప్పులు కుట్టిండు, మా తాత మోట బొక్కెనలు కుట్టిండు. కరెంటు మోటర్లు రాకముందు ఊళ్ళె బాయిల నీళ్ళు పైకి వచ్చింది మా తాత కుట్టిన తోలు బొక్కెన, తోలు తొండంతోనే. వరి పండింది ఆ నీళ్ళకే. గింజ ఎవరి గరిసెలకు పోయిందో చెప్పేది లేదు. ఇంట్ల లంద ఉండె. సున్నంల నానేసి, వెంట్రుక గీకి, తంగేడు చెక్కల ఊనిన తోలు వాసనతోనే నేను అ ఆలు దిద్దిన. ఆ వాసన గురించి బడిల ముక్కు మూసుకున్నోళ్ళే పండుగకు కిర్రు చెప్పులు కావాల్నని మా ఇంటి ముందట నిలబడేటోళ్ళు.

వస్తువు మన్నిక గురించి నాయినకు తెలిసినంత ఏ ఇంజనీరుకూ తెల్వదని నా అభిప్రాయం. నేను దుకాణంల చూసిందంత చెప్తే విన్నడు. 'నడిమిట్ల ఏం జూసినవే' అన్నడు. 'నడిమిట్ల ఎప్పుడన్న తెగుతదా? చెప్పు తెగేది ఉంగటంకాడ. బొక్కెన తెగేది మూతికాడ. యాడ వంగుతదో, యాడ ఆఖరయితదో ఆడ జూడాలె. మన్నేది మన్ననిది ఆడ్నే తెలుస్తది.' తర్వాత తనే అన్నడు, నేనొస్త పట్టు అని.

కొత్తవాడకు ముగ్గురం పోయినం, నేను, మా ఆయన, నాయిన. వరంగల్‌ల ఉండి కొత్తవాడ జంపఖానాల పేరు విననోళ్ళు లేరు. 1851ల లండన్‌ల జరిగిన మహాప్రదర్శనల వరంగల్ తివాచీని పెట్టిండ్రని చరిత్ర రాసినోళ్ళు రాసిండ్రు. 2018ల వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చింది గని గల్లీల మగ్గాల చప్పుడు నేను డిగ్రీ చదివేనాటి కన్నా తగ్గింది. చానా ఇండ్లల్ల మగ్గం గుంత పూడ్చి గదిని కిరాయికి ఇచ్చిండ్రు.

ఒక పద్మశాలి పెద్దమనిషి షెడ్డు ముందట ఆగినం. లోపల గోడకు గోడకు ఉన్నంత మగ్గం మీద ఇద్దరు చెరో పక్క కూసొని నేస్తున్నరు. నాయిన గడప బయట చెప్పులు విడిచి, ఆడ్నే గొంతుకూసున్నడు. నేయడం చూస్తుంటే నాకు సగం సంగతి అర్థమయింది. జంపఖానాకు బొచ్చు ఉండదు. పడుగు పోగులు గట్టి మెలికవి, వాటి మీదుగ లావు పేకను పోనిచ్చి, ఇనుప పండ్ల పంజాతో దిగ్గొడతరు. ఎంత దిగ్గొడితే అంత మన్నిక. పేక కింద పడుగు కనపడొద్దు. కనపడితే దెబ్బ తక్కువైనట్టు. రెండు పక్కలా ఒక్క తీరుగనే ఉంటది కాబట్టి ఒక పక్క మాసితే, అరిగితే, రెండో పక్క తిప్పుకోవచ్చు. ఒక్క జంపఖానా కొంటే రెండు కొన్నట్టే.

ఆయన నాలుగైదు తీసి పరిచిండు. నేను తెల్ల చేతిరుమాలు తడిపి ఎర్రపట్టీ మీద గట్టిగ రుద్దిన. ఒకదానికి గులాబీ రంగు దిగింది, పక్కన పెట్టినం. రెండోదాన్ని తలుపుకాడ వెలుతురుకు పట్టిన. పోగుల సందుల నుంచి వెలుతురు జల్లెడ లెక్క వచ్చింది, అదీ పక్కకే. మూడోది బరువుకే తెలిసింది. తొమ్మిది అడుగులు, పన్నెండు అడుగులు. కాటా మీద పెడితే పద్దెనిమిది కిలోలు. అదే కొలతల పక్కది పన్నెండు కిలోలు. చూపుకు రెండూ ఒక్కటే. ఆ ఆరు కిలోల నూలు ఎక్కడ పోయిందో అరిగినంక గని తెల్వది.

'లోపల్కి రా పెద్దమనిషీ, బయట గూసున్నవేంది' అని ఆయన నాయినను పిలిచిండు. నాయిన వచ్చి, మూడోదాని నడుమకు పోకుండ కొసకు పోయిండు. కుచ్చు ఒకటి పట్టి గుంజిండు. పోగును పురి విప్పి, చెవికాడ పెట్టుకొని తెంపిండు. చప్పుడు విని తలూపిండు. అంచు వెంబడి బొటనవేలు పెట్టుకుంట పోయిండు.

'నీకు నూలు సంగతి తెలిసినట్టున్నది. ఏం పనో?' అన్నడు ఆయన.

మా ఆయన నా దిక్కు చూసిండు. అద్దె ఇండ్ల కోసం తిరిగిన తొమ్మిదేండ్లల్ల మేం నేర్చుకున్న చూపు అది.

'నూలు గాదన్నా. తోలు. చెప్పులు గుడుతుంటి' అన్నడు నాయిన, మామూలుగ.

ఒక నిమిషం పంజా చప్పుడు తప్ప ఏం లేదు. తర్వాత ఆయన, 'గందుకే అంచుకు పోయినవు' అన్నడు. అని తన కష్టం మొదలుపెట్టిండు. ఇంత పెద్దది ఇద్దరు కూసుంటే నాలుగైదు రోజులు పడుతదట. కొడుకులిద్దరూ ఈ పనికి రాలేదట. సొసైటీల ద్వారా హాస్టళ్ళకు పొయ్యే జంపఖానాలే తమకు ఆధారమని, వాటి పైసలు ఎప్పుడొస్తయో తెల్వదని అన్నడు. హాస్టల్ అనంగనే నేను నా జంపఖానా సంగతి చెప్పిన. రెండు రంగుల పట్టీలు, మనిషి వెడల్పు. 'ఏ సంవత్సరం?' అని అడిగిండు. చెప్పిన. 'గప్పుడు మా గల్లీ గల్లీ హాస్టల్ మాలే నేస్తుండె. నువ్వు పండుకున్నది మా చేతిదే కావచ్చు బిడ్డా. పలచగుండెనా?' అన్నడు. పలచగుండె అన్న. 'వాళ్ళిచ్చిన నూలు అంతే' అన్నడు. నా వీపు కింది చల్లదనానికి, ఆయన ఇంటి పొయ్యికి లెక్క రాసినోడు ఒక్కడే అనిపించింది.

ఆ ఇంటామె చాయ్ తెచ్చింది, అందరికీ పేపర్ కప్పులల్ల. ఈ పేపర్ కప్పులు వచ్చినంక ఎవరి మనసుల ఏమున్నదో తెలుసుకునే వీలు లేకుండ పోయింది. మా నాయిన చిన్నప్పుడు హోటల్‌ల గ్లాసు వేరే ఉండేది, సంగతి సాఫ్‌గ తెలిసేది. ఆమె మనసుల ఏం లేకపోవచ్చు. మేం తాగినం. ఆరువేల ఎనిమిది వందలకు బేరం కుదిరింది. వందా రెండొందలకు కొసరిన మా ఆయన్ను నాయినే ఆపిండు. నాలుగైదు రోజులు, రెండు జతల చేతులు అన్నడు.

ఇంటికి తెచ్చి పరిచినం. నాయిన దాని పక్కన టైల్స్ మీద గొంతుకూసొని చానాసేపు చూసిండు. 'కుచ్చులు రెండేండ్ల పోతయి' అన్నడు. 'పోరగాండ్లు లాగుతరు, ఊడ్చేటప్పుడు చీపురు లాగుతది. కుచ్చు పోతే ముడి పోతది, ముడి పోతే పేక ఇప్పుకుంట వస్తది. కొసలకు తోలు పట్టీ గుడుత.'

ఆ రాత్రి మా ఇంట్ల పెద్ద పంచాయితే అయింది. మా ఆయన చెడ్డోడు కాదు. పిల్లల ముందట, పక్కింటోళ్ళ ముందట తల దించుకోవద్దని ఆయన బాధ. 'తోలు అంచు జూస్తే ఎవరికైనా తెలుస్తది. ఈ కాలనీల ఇప్పటిదాంక మనల్ని ఎవ్వరు అడగలే. మనమే బోర్డు గట్టుకోవాల్నా?' అన్నడు. ఆయన మాటకు కారణం లేకపోలేదు. మీరేం వాళ్ళు అని అడిగి, విని, ఇల్లు మా తమ్మునికి కావాలన్నడమ్మా అని తాళంచెవి వెనక్కి తీసుకున్న ఓనర్లను ఇద్దరమూ కలిసే చూసినం. నేను అడిగింది ఒక్కటే. 1994ల దండోరా మొదలైనంక మా చిన్నాయిన పేరు చివర మాదిగ అని పెట్టుకొని, సంతకం కూడా అట్లనే చేసిండు, కూలికి పోయేటోడు. ఆయనకు బ్యాంకు లోను లేదు, నెల జీతం లేదు, పోగొట్టుకోను గుడిసె తప్ప ఏం లేదు. నెల పుట్టేసరికి జీతం పడే మనం ఒక తోలు పట్టీకి ఎందుకు భయపడాలె? ఇంకొక సంగతి, అది దాయకపోతే ఏమైతదో తెల్వదు గని, దాస్తే కుచ్చులు పోయేది మాత్రం ఖాయం. మా ఆయన మారు మాట్లాడలే. ఒప్పుకున్నట్టూ చెప్పలే. తెల్లారి నాయినను బస్టాండుకాడ దించి, సామాను తీసుకొని రమ్మన్నది మాత్రం ఆయనే.

నాయిన పెట్టె తెచ్చిండు. ఆరె, రంపె, గూటం. పదిహేనేండ్లుగ వాడకంల లేనివి, అయినా ఆరెకు తుప్పు లేదు. అంటే ఎవ్వరూ చూడనప్పుడు నూనె పెట్టుకుంటనే ఉన్నడు. తంగేడు చెక్కల ఊనిన పాత బర్రెతోలు ముక్క ఒకటి దాచి పెట్టిండు. ఇప్పటి కెమికల్ తోలు సంగతి నాకు తెల్వదు, దీని సంగతి తెలుసు అన్నడు. దాన్ని రెండు వేళ్ళ వెడల్పు పట్టీలు కోసి, బకెట్ల నానేసి, నీళ్ళు ఎర్రబడ్డకొద్దీ పారబోసి, మళ్ళ నీళ్ళు పోసిండు. ఆ రంగంత పోకుండ కుడితే తడి తగిలిననాడు పత్తికి మరక దిగుతదట. రెండు రోజులు నీళ్ళు మార్చినంక, నీడకు ఆరబెట్టి, ఆముదం పట్టించిండు. దారానికి మైనం. రెండు కొసలకూ మడిచి కుట్టుడు, ఒక్కో పొక్కల రెండు దిక్కుల నుంచి రెండు సూదులు.

కుట్టాలంటే జంపఖానా మీదికి ఎక్కక తప్పలేదు. కొసను ఒళ్ళోకి గుంజుకొని, దాని మీద బాసింపట్టు వేసుకొని నాలుగు దినాలు కూసున్నడు. సాయంత్రం పిల్లలు వచ్చి ఆయన చుట్టూ కూసునేటోళ్ళు. ఒక పోరడు లెక్కలు ఆపి ఆరె దిక్కే చూస్తుంటే నేను గదమాయించిన. 'చూడనియ్యరాదు' అన్నడు నాయిన.

తర్వాత మా బడిల పనిచేసే టీచరమ్మలు ఇద్దరు ఇంటికి వచ్చిండ్రు. ఒకామె అంచు మీద చెయ్యి పెట్టి, 'ఇది కొత్తవాడల పెట్టరు కదా, ఎక్కడ చేయించిండ్రు' అన్నది. 'మా నాయిన కుట్టిండు. మేం మాదిగోళ్ళం, ఆయన చెప్పులు కుట్టెటోడు' అన్న. ఆమె మళ్ళ మా ఇంటికి రాలేదు. కారణం ఇదేనని నేను రుజువు చెయ్యలేను. బడిల నవ్వుతది, మాట్లాడుతది. రెండో ఆమె మాత్రం పది రోజులకు నన్ను పక్కకు పిలిచి, వాళ్ళ జంపఖానాకు కూడా కుట్టిస్తవా, ఒక్కసారి ఇంటికి రమ్మను అన్నది. మంచికి అన్నదో, అలవాటుగ అన్నదో. నాకు చెప్పుకోలేని కోపం వచ్చింది. నాయినకు చెప్తే ఆయనకు కోపం రాలేదు. ఆలోచించి రేటు చెప్పిండు. 'నాలుగు దినాల కూలి. తోలు పైసలు వేరే. వాళ్ళింటికి నేను బోను. వాళ్ళే తెచ్చియ్యాలె, వాళ్ళే తీస్కపోవాలె.' ఆ మాట అట్లనే పోయి చెప్పిన. ఆమె ఇంకా తేలేదు.

ఇది రాసేనాటికి ఆ జంపఖానాకు నాలుగేండ్లు దాటింది. నెలకొకసారి దండెం మీద వేసి కట్టెతో కొడతం, ఎండల మాత్రం గంటకు మించి ఉంచం, రంగు పోతది. మూడు నెలలకొకసారి తల దిక్కు కాళ్ళ దిక్కుకు మారుస్తం. రెండో ఏడు చివర్ల తిరగేసినం. కిటికీకాడ ఎరుపు కొంచెం వెలిసింది. నడుమ పిల్లలు కూసునేకాడ నూలు నున్నగయింది గని పడుగు బయటపడలేదు. నీళ్ళల్ల ముంచి ఉతకొద్దని నాయిన చెప్పిండు, తోలు బిరుసెక్కుతది, తడిగుడ్డతో తుడిచి పట్టీకి ఆముదం పెట్టాలె. మొన్న వానకాలం ఒక మూల ఎలుక కొరికింది, జానెడు పట్టీ పోయింది. నాయినకు కండ్లు సరిగ కనపడ్తలేవు, సూది నేను ఎక్కించియ్యాలె. చూడనియ్యరాదు అన్న పోరడు ఇప్పుడు తొమ్మిదో తరగతి. పొక్కలు నేను పొడుస్త తాతా అంటున్నడు. వచ్చే ఆదివారం పెట్టె తీసుకొని నాయిన వస్తనన్నడు.